ఏడవనివ్వని మందిరం

ఆ ఆదివారం నెల్లికుదురు దగ్గరి తండాలో రేకుల మందిరం కిక్కిరిసిపోయింది. ఒక పక్క చాపల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్ళు, ఇంకో పక్క మగవాళ్ళు. ఫ్యాన్లు తిరుగుతున్నా రేకుల వేడి తగ్గడం లేదు. పాటలు అయిపోయి సాక్ష్యాల వంతు వచ్చింది. సాక్ష్యం అంటే, ఈ మధ్య తమకు దేవుడు చేసిన మేలు ఏమిటో లేచి అందరికీ చెప్పడం. ఒకరి బర్రె బతికిందట. ఇంకొకరికి మోకాలి నొప్పి తగ్గిందట. ఒక్కొక్కరు చెప్పి కూర్చుంటుంటే జనం "ఆమెన్" అంటున్నారు.

పాస్టరు రాంచందర్ మైకు అందుకుని, "ఇప్పుడు మన సంఘపెద్ద అమర్‌సింగ్ బిడ్డ, విజయ" అన్నాడు.

విజయ లేచింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, నెల్లికుదురులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు. నా వివాహము ఆగిపోయినది. అయినను నేను దుఃఖపడలేదు. దేవుడు నా కన్నీటిని తుడిచివేసెను. నన్ను విడిచిపోయిన సహోదరుని నేను హృదయపూర్వకముగా క్షమించితిని. నా హృదయము సంతోషముతో నిండియున్నది."

ఆ పిల్ల ఎన్నడూ మాట్లాడే భాష కాదది. ముందు రోజు సాయంత్రం పాస్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పించిన మాటలు. మందిరం చప్పట్లతో మోగిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు, ఒక్క మనిషి తప్ప. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న విజయ నాయనమ్మ సోమ్లీ నోరు తెరవలేదు. పాస్టరు తమ్ముడు ఇదంతా ఫోనులో వీడియో తీసుకున్నాడు.

పాఠకులారా, మనం అక్కడ ఉన్నా చప్పట్లు కొట్టేవాళ్ళమే. ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకుని, ఇంటికి పోయి కడుపునిండా తినేవాళ్ళం. ఆ మధ్యాహ్నం విజయ రెండు ముద్దలు తిని పెరట్లోకి పోయి కక్కుకుంది. కొన్ని వారాలుగా ఇదే వరస. తిండి లేదు, నిద్ర లేదు. ఆ సంగతి తెలిసిన తల్లి గోరీ, తండ్రి అమర్‌సింగ్ కూడా ఆ చప్పట్లలో కలిశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

క్షమించబడిన ఆ సహోదరుడి సంగతి కూడా చెప్పుకోవాలి. పేరు నరేశ్, గార్ల దగ్గరి తండావాడు. యువజన కూటాల్లో కీబోర్డు వాయించేవాడు. మరిపెడలో జరిగిన ఒక కూటంలో విజయ పాడింది, అతను వాయించాడు. అక్కడ మొదలైన పరిచయం ప్రేమయింది, ఇద్దరి ఇళ్ళలోనూ సంతోషంగా ఒప్పుకున్నారు. అతనికి ఉద్యోగం వచ్చేదాకా ఆగుదామంటే విజయ ఆగింది. భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళి తేదీ పెట్టుకున్నారు, కార్డులు పంచారు. అప్పుడు ఒక పొద్దున విజయ ఫోనుకు సందేశం వచ్చింది: "చాలా ప్రార్థన చేశాను. మన వివాహం దేవుని చిత్తం కాదని నాకు బయలుపరచబడింది. నా కోసం ప్రార్థించు."

భూపాలపల్లిలో ఇంకో అమ్మాయి ఉందన్న సంగతి మాత్రం దేవుడు బయలుపరచలేదు. నరేశ్ మేనమామే నోరు జారి బయటపెట్టాడు.

మనసు మారిందని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ పిల్ల నాలుగు తిట్లు తిట్టి, నాలుగు రోజులు ఏడ్చి లేచి నిలబడేది. మనసు మారినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. ఈ పెద్దమనిషి తన తప్పు తీసుకుపోయి దేవుడి నెత్తిన పెట్టాడు. చిన్నప్పటి నుంచీ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించిన పిల్ల దేవుడి మీద ఎట్లా కోపగించుకుంటుంది? పిరికితనాన్ని భక్తి మాటల్లో చుట్టి పంపేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉన్నారు. వాళ్ళకు సిగ్గు లేదు, అడిగేవాడూ లేడు.

ఆ సందేశం వచ్చిన రోజు సాయంత్రమే రాంచందర్ పాస్టరు విజయ ఇంటికి వచ్చాడు. గోరీ వాకిట్లోనే బోరుమనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఏడ్వొద్దమ్మా. విశ్వాసి ఇంట్ల ఏడుపు వినపడొద్దు. మనం ఏడిస్తే సైతాను నవ్వుతడు. సంఘపెద్ద ఇల్లే గిట్లయితే కొత్తగొచ్చినోళ్ళు ఏమనుకుంటరు?"

అమర్‌సింగ్ తల ఊపాడు. భార్యను లోపలికి పొమ్మన్నాడు. విజయ వైపు తిరిగి, "మనసు గట్టి జేస్కో బిడ్డా. ఆ పిలగాన్ని క్షమించు. అయిపోతది" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పొద్దస్తమానం స్పీకరులో స్తుతి పాటలు మోగాయి.

రాంచందర్ చెడ్డవాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి పిలిచినా వచ్చి రోగి పక్కన కూర్చునే మనిషి. నాలుగేళ్ళ కింద ఆయన ఒక్కగానొక్క కొడుకు విష జ్వరంతో పోయాడు. మట్టి చేసిన మరుసటి ఆదివారమే ఆయన మైకు పట్టి స్తుతి పాట ఎత్తుకున్నాడు. భార్య కళావతి తెల్లచీర కట్టుకుని ముందు వరసలో చప్పట్లు కొట్టింది. ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. అదే గొప్ప విశ్వాసమని ఆయన నమ్మాడు, తండా అంతా నమ్మింది. తను మింగినదాన్నే అందరి చేతా మింగించడం ఆయనకు తప్పుగా తోచలేదు.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. లంబాడీల పెళ్ళిలో పెళ్ళికూతురు అత్తవారింటికి బయలుదేరేటప్పుడు ఊరికే కన్నీళ్ళు పెట్టుకుని పోదు. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, అన్న మెడ చుట్టూ చేతులు వేసి, ఒక్కొక్కరి మంచీ చెడూ తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. దానికో బాణీ ఉంది. పెద్దవాళ్ళు పెళ్ళికి ముందే పిల్లకు నేర్పుతారు. రాంచందర్ పాస్టరుగా వచ్చాక, అది పాత బతుకు ఆచారమని, విశ్వాసుల పెళ్ళిలో పాటలే తప్ప ఏడుపులు ఉండరాదని మాన్పించాడు. అమర్‌సింగే ముందు నిలబడి తండా అంతా తిరిగి ఆ మాట చెప్పి వచ్చాడు.

సోమ్లీ మాత్రం వినలేదు. మనవరాలి పెళ్ళి కుదరగానే పత్తి ఏరడానికని చేనుకు తీసుకుపోయి, పత్తి సాళ్ళ మధ్య దొంగచాటుగా ఢావ్లో నేర్పింది. తల్లిని వదిలేటప్పుడు ఏమనాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, గొంతు ఎక్కడ దించాలి అన్నీ చెప్పింది. ఇద్దరూ నవ్వుకుంటూ ఏడుపు నేర్చుకున్నారు. ఆ తర్వాత పెళ్ళి ఆగిపోయింది. ఎవరి మెడా పట్టుకోకుండా, ఎక్కడా గొంతెత్తకుండా ఆ ఏడుపంతా ఆ పిల్ల లోపలే ఉండిపోయింది.

సాక్ష్యం వీడియో ఇంటర్నెట్లో పెట్టారు. ‘గుండె పగిలినా చెదరని విశ్వాసం’ అని పెద్ద అక్షరాలతో పేరు, కింద విజయ ముఖం. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు వేల మంది చూశారు. ఆమెన్ అని, స్తోత్రం అని కింద రాశారు. బళ్ళో ఒక టీచరు ఆ వీడియో చూపించి, "నీ ఓపికకు దండం పెట్టాలె విజయా" అంది. విజయ ఫోను చేతికి తీసుకుని ఆ వ్యాఖ్యలు చదువుతూ పోయింది. ఒక చోట ఆగింది. అక్కడ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఒకడు రాశాడు: "దేవునికే మహిమ." పేరు నరేశ్.

విజయ తరగతికి పోయి బోర్డు వైపు తిరిగింది. చేతిలో చాక్‌పీసు ఉంది. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది, ఒక్క అక్షరం రాయలేదు. పిల్లలు భయపడి కిక్కురుమనలేదు. హెడ్‌మాస్టరు ఇంటికి పంపించి, కుదుటపడ్డాకే రమ్మన్నాడు.

ఇంట్లో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. అసలే తినని పిల్ల చేత ఉపవాసం చేయించారు. రాంచందర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "దుఃఖపు ఆత్మా, ఈ బిడ్డను విడిచిపో" అని గొంతు పోయేలా గద్దించాడు. విజయ కదలలేదు, మెదలలేదు. ఆయన వెళ్ళిపోయాక నాయనమ్మతో మెల్లగా అంది:

"దాదీ, నాకు దయ్యం పట్టిందంటవా?"

"నీకు పట్టిందేంది బిడ్డా. మోసం జేసినోనికి పట్టాలె" అంది సోమ్లీ.

మర్నాడు మధ్యాహ్నం అందరూ చేనుకు పోయారు. మధ్యలో సోమ్లీకి ఎందుకో మనసు ఆగక వెనక్కి వచ్చింది. పత్తి మందులు పెట్టే కొట్టం తలుపు తీసి ఉంది. విజయ గడప దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది.

"ఏం జేస్తున్నవ్?"

"ఏం లేదు దాదీ. ఊకెనే."

సోమ్లీ గబగబా గడప దాకా వెళ్ళింది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది. కొట్టానికి తాళం వేసి, తాళంచెవి తన రవికెలో దోపుకుంది. కొడుకు చేనులోంచి రాగానే వాకిట్లోనే నిలదీసింది.

"రేపు పొద్దుగాల పిల్లను మానుకోట దవాఖానకు తీస్కపోతున్న. నువ్వొస్తవా, నేనే పోవాల్నా?"

"దవాఖాన ఎందుకే? మనం ప్రార్థన చేస్తనే ఉన్నం గదా."

"నువ్వు ప్రార్థన జేస్తున్నవ్. అది కొట్టంల మందు డబ్బాల దిక్కు జూస్తున్నది."

అమర్‌సింగ్ చేతిలోని పారను గోడకు ఆనించబోతే అది జారి కింద పడింది. దాన్ని తీయకుండానే పోయి అరుగు మీద కూర్చున్నాడు.

బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా ఆ చుట్టుపక్కల వాళ్ళంతా మానుకోట అనే ఆ ఊరి జిల్లా దవాఖానలో, మనసు బాగాలేని వాళ్ళతో మాట్లాడటానికి అలేఖ్య అనే అమ్మాయి ఉంది. మరిపెడలో బట్టల దుకాణం నడిపే షావుకారు ఇంటి పిల్ల. మనస్తత్వ శాస్త్రం చదువుకుంది. విజయ చెప్పేదాకా ఓపిగ్గా ఆగింది. చెప్పడం మొదలయ్యాక మధ్యలో మాట్లాడలేదు. కొట్టం గడప దగ్గర నిలబడిన సంగతి అడిగి తెలుసుకుంది. అలాంటి తలంపు మళ్ళీ వస్తే ఆ క్షణంలో ఎవరిని పిలవాలో విజయ నోటితోనే చెప్పించింది. ఆ తర్వాత అడిగింది:

"నీకు కోపం రాలేదా విజయా?"

"కోపం పాపం గద మేడం. క్షమించిన."

"ఎప్పుడు క్షమించినవ్?"

"ఆ వారమే. బాపు చెప్పిండు."

అలేఖ్య లేచి తలుపు తీసింది. తండ్రినీ నాయనమ్మనూ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"మీ దేవుని సంగతి నాకు తెల్వదు. నేను మాట్లాడను గూడ. మనసు సంగతి మాత్రం చెప్త. దెబ్బ తగిలితే ముందు నొప్పి, తర్వాత కోపం, తర్వాత ఏడుపు. ఇవన్నీ అయినంకనే మనిషి క్షమించగలుగుతడు. మీరు ఈ పిల్లతోని మొదటి రోజే ఆఖరి మాట చెప్పించిండ్రు. చీము తియ్యకుండ పైన కుట్లేసిండ్రు."

అమర్‌సింగ్‌కు రోషం వచ్చింది. "మేం విశ్వాసులం మేడం. మాకు దేవుడే వైద్యుడు. గిసొంటి ముచ్చట్లు మాకు అవసరం లేదు."

"మీకు బీపీ ఉందా?"

"ఉంది."

"గోలీలు వేసుకుంటున్నరా?"

"వేసుకుంటున్న."

"అవి వేసుకుంటే మీ విశ్వాసం తగ్గిందా?"

అమర్‌సింగ్ కిటికీ వైపు చూశాడు. అలేఖ్య గొంతు తగ్గించింది.

"పెద్దాయనా, నిద్ర పట్టడానికి డాక్టరు గోలీలు రాస్తడు. ప్రతి వారం నా దగ్గరికి పంపండి. పిల్లను ఒక్కదాన్ని ఇంట్ల వదిలిపెట్టకండి, ఆ కొట్టం తాళం తియ్యకండి. ఇంకొక్క మాట. మీలో దుఃఖమొస్తే ఎట్ల ఏడుస్తరు?"

ఈ ప్రశ్నకు సోమ్లీ ముందుకు జరిగింది. ఢావ్లో గురించి చెప్పింది. మెడ పట్టుకుని ఎలా ఏడుస్తారో, ఎవరు ఏడిస్తే ఎవరు జవాబు పాడతారో చెప్పింది. అది ఎందుకు ఆగిపోయిందో మాత్రం చెప్పలేదు, కొడుకు వైపు చూసి ఊరుకుంది.

"ఇంత మంచి దారి ఇంట్ల పెట్టుకుని తలుపు మూసుకున్నరు" అంది అలేఖ్య.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమర్‌సింగ్ కూతురి పక్కన కూర్చున్నాడు. ఆ దవాఖాన పిల్ల ఎవరు, తనకు చెప్పడానికి? నిన్నగాక మొన్న చదువుకుని వచ్చింది, ప్రభువును ఎరగదు. ఇలా కాసేపు ఉడుక్కున్నాడు. కానీ కిటికీ పక్క సీటులో తల ఆనించి కూతురు నిద్రపోతోంది. మనసులోది ఒకరికి చెప్పుకున్నందుకే ఆ నిద్ర. ఆ ముఖం చూసి, కొట్టానికి తల్లి వేసిన తాళం గుర్తుకొచ్చి, ఆయన కోపం అటూ ఇటూ తిరిగి తన మీదికే వచ్చింది.

ఆదివారం పొద్దున పెద్దల ఆరాధనకు ముందు అమర్‌సింగ్ పిల్లలకు కథలు చెబుతాడు. ఆ వారం హన్నా కథ. పిల్లలు లేని హన్నా దేవుని మందిరంలో కూర్చుని ఏడుస్తుంది. పెదవులు కదులుతుంటాయి గానీ మాట బయటికి రాదు. వాకిట్లో కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి తాగి వచ్చిందనుకుని కోప్పడతాడు. ఈ కథ ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఎప్పుడూ ఆ ముసలి యాజకుణ్ణి తలుచుకుని పిల్లలతో కలిసి నవ్వేవాడు కూడా. ఆ రోజు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వలేకపోయాడు. ఆమె ఏడుపును దేవుడు విన్నాడు. కాదన్నది మందిరంలో పెద్దమనిషి. అమర్‌సింగ్ కథ మధ్యలో ఆపి, పిల్లలను ఆడుకోమని పంపేశాడు.

ఆరాధన మొదలయ్యే వేళకు మందిరం ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. నరేశ్ దిగి లోపలికి వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. రాంచందరే పిలిపించాడు. విజయ ఇంటివాళ్ళకు మాటమాత్రం చెప్పలేదు. ఎదురుగా ఫోను స్టాండుకు పెట్టి సిద్ధంగా ఉంది.

పాటలు అయ్యాయి. రాంచందర్ మైకు తీసుకున్నాడు.

"ఈ దినం మనం దేవుని ప్రేమను కండ్లార జూస్తం. సహోదరి విజయ వచ్చి, సహోదరుడు నరేశ్ తల మీద చెయ్యి పెట్టి, అతని కొత్త జీవితం కోసం ప్రార్థన జేస్తది."

నరేశ్ ముందుకు వచ్చి మోకరించి తల వంచాడు. అంత వినయంగా తల వంచడం అతనికి బాగా వచ్చు. జనం వెనక్కి తిరిగి విజయ వైపు చూశారు. గోరీ భయంతో కూతురి వీపు మీద చెయ్యి వేసి, "పో బిడ్డా, ఒక్క నిమిషమే గద" అంది.

విజయ ముందుకు వచ్చి మైకు తీసుకుంది. నరేశ్ తల మీద చెయ్యి పెట్టలేదు.

"నాకు కోపమొస్తాంది" అంది.

నరేశ్ తల ఎత్తి చూశాడు.

"నేను ఇతన్ని క్షమించలే. మొన్న క్షమించిన అని చెప్పింది అబద్ధం. ప్రభువు మందిరంల నిలబడి మైకుల అబద్ధం చెప్పిన. నాతోని చెప్పించిండ్రు. నాకు అన్నం పోతలేదు. నాకు నిద్ర పడ్తలేదు. మీరందరు చప్పట్లు కొట్టిండ్రు."

మైకు చాప మీద పెట్టింది. నరేశ్‌ను దాటుకుని, ఆడవాళ్ళ మధ్య నుంచి వెనక గోడ దాకా నడిచింది. సోమ్లీ అప్పటికే లేచి నిలబడి చేతులు చాపి ఉంది. విజయ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఇంత కాలం లోపల ఆగిపోయిన రాగం అప్పుడు బయటికి వచ్చింది.

అది ఢావ్లో. వాళ్ళ లంబాడీ మాటల్లోనే సాగింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: వస్తనన్నవు, నీ కోసం ఆగిన. రానని నీ నోటితో చెప్పకపోతివి. నా దేవుని నోట్ల నీ మాట పెడితివి. ఇప్పుడు నేను ఎవరికి మొక్కాలె, ఎవరి మీద అలగాలె? సోమ్లీ మనవరాలి వీపు నిమురుతూ అదే బాణీలో జవాబు పాడింది: నా మీద అలుగు బిడ్డా, దేవుని మీద అలుగు, ఆయన ఓర్చుకుంటడు, నువ్వు మాత్రం ఉండు.

"ఆపండమ్మా" అన్నాడు రాంచందర్. "పాత ఆచారాలు మందిరంల వద్దని చెప్పిన గదా. నరేశ్, వాయించు."

నరేశ్ గబగబా పోయి కీబోర్డు నొక్కాడు. స్పీకర్లలో సంగీతం పెద్దగా మోగి ఆ ఏడుపును ముంచేసింది.

సంఘపెద్ద అమర్‌సింగ్ లేచాడు. గోడ దగ్గరికి పోయి, కీబోర్డు తీగను ప్లగ్గులోంచి పీకేశాడు.

సంగీతం ఆగింది. ఏడుపు మళ్ళీ వినిపించింది. అప్పుడు ముందు వరసలో తెల్లచీర కదిలింది. పాస్టరు భార్య కళావతి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి నడిచింది. సోమ్లీ మెడకు రెండో పక్క చేతులు వేసింది. కొడుకు పేరు పెట్టి పిలిచింది. నాలుగేళ్ళుగా ఆ తండాలో ఎవరూ పలకని పేరు. వాడు వేసుకున్న ఎర్ర చొక్కా గురించి, ఆఖరి రోజు మంచినీళ్ళు అడిగి తాగకుండానే పోయిన సంగతి గురించి రాగం తీసి ఏడ్చింది. వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ఆ గోడ దగ్గర చేరారు. అందరి దగ్గరా దాచిపెట్టిన ఏడుపు ఏదో ఒకటి ఉంది.

రాంచందర్ భార్య వైపు చూశాడు. తమ్ముడికి సైగ చేసి ఫోను ఆపించాడు. తర్వాత వేదిక అంచు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అమర్‌సింగ్ ముందు నరేశ్ దగ్గరికి పోయాడు. గొంతు పెంచలేదు.

"నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పాలె. మేమేం నిన్ను కొట్టేటోళ్ళం గాదు. నీ తప్పుల దేవుణ్ణి ఎందుకు ఇరికిచ్చినవ్? ఇంకొక ఆడపిల్లతోని గిట్ల మాట్లాడకు. లే, ఇంటికి పో."

నరేశ్ తలుపు దాటి బయటికి పోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. అమర్‌సింగ్ జనం వైపు తిరిగాడు.

"సంఘస్తులారా, నా బిడ్డ చచ్చిపోవాలనుకునేదాక నేను స్తుతి పాటలు పెట్టిన. ఏసుప్రభువు ఆయన దోస్తు సమాధి కాడ ఏడ్చిండు. కొంచెం సేపట్ల అతన్ని బతికించి లేపుతనని తెలిసి గూడ ఏడ్చిండు. పక్కోళ్ళ ఏడుపు జూసి ఏడ్చిండు. మరి మనం ఆయన కన్న పెద్ద విశ్వాసులమా? ఢావ్లో మాన్పించింది నేనే. తండ అంత తిరిగి చెప్పింది నేనే. ఆ తప్పు నాది. దేవుని ముందు ఏడ్వనియ్యని ఇల్లు దేవుని ఇల్లు గాదు."

ఎవరూ ఆమెన్ అనలేదు. అనాలని ఆయనా ఎదురుచూడలేదు. ఆ రోజు ప్రసంగం లేకుండానే ఆరాధన ముగిసింది. ఇంటికి వచ్చి విజయ కాళ్ళూ చేతులూ కడుక్కుని వంటింటి గడప మీద కూర్చుంది. "ఆకలైతాంది యాడీ" అంది తల్లితో. గోరీ జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ పచ్చడి పెట్టింది. రొట్టె తునక నోట్లో పెట్టుకుంటుంటే కూతురి కళ్ళు మళ్ళీ నిండాయి. ఈసారి గోరీ ఏడవద్దనలేదు, పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

ఒక్క ఏడుపుతో అంతా బాగయిపోయిందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. విజయ వారం వారం మానుకోట పోయింది. కొన్ని రోజులు బాగున్నాయి, కొన్ని రోజులు లేవలేదు. నిద్ర గోలీలు కొన్నాళ్ళు వాడి, డాక్టరు మెల్లగా తగ్గిస్తూ వస్తే మానేసింది. సోమ్లీ తాళంచెవి చాలా కాలం రవికెలోనే ఉంచుకుంది. రాంచందర్ ఆ వీడియో తీసేయించాడు. ఒక సాయంత్రం ఆయనా కళావతీ కలిసి కొడుకు సమాధి దగ్గరికి పోయి, చీకటి పడేదాకా కూర్చుని రావడం తండావాళ్ళు చూశారు.

నాకు కోపం మాత్రం పూర్తిగా పోలేదు. మందిరమే కానక్కర్లేదు, గుడి అయినా, దర్గా అయినా, మన ఇళ్ళయినా అంతే. విరిగిన మనిషి ఎదురుగా కూర్చుంటే మనకు భయం. ఆ బాధ చూడలేక, మనకు ఇబ్బంది తగ్గడానికి "ఏడవకు" అంటాం. దానికి ధైర్యం చెప్పడమని పేరు పెడతాం.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం సాక్ష్యాల వేళ విజయ తనంతట తనే లేచింది. అప్పటికి మళ్ళీ బడికి పోతోంది. మైకు అడగలేదు, ఫోనూ లేదు. తను మాట్లాడే మాటల్లోనే మాట్లాడింది.

"అందరికి వందనాలు. నాకు నిద్ర పడ్తున్నది. అన్నం తింటున్న. నరేశ్ మీద కోపం ఇంక ఉన్నది, కాని ముందటంత లేదు. క్షమించిన అని ఇప్పుడు గూడ చెప్పను. క్షమించే మనసియ్యమని దేవుణ్ణి అడుగుతున్న. ఎప్పుడిస్తడో ఆయన ఇష్టం. మోకాళ్ళ మీద ఉంటున్న, మానుకోట మేడం దగ్గరికి గూడ పోతున్న. రెండిట్ల దేనికీ నాకు సిగ్గు లేదు. ఏడిస్తే విశ్వాసం పోదు. ఏడ్వనియ్యకపోతేనే మనిషి పోతడు."

విజయ కూర్చుంది. చప్పట్లు లేవు. ఏమనాలో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు, వెనక గోడ దగ్గర నుంచి సోమ్లీ "ఆమెన్" అంది.